విరిగిందా, విరిచారా?

పరాయి దేశంలో వైద్యం చేసుకు బతుకుతున్న మాబోటివాళ్ళకు ఇంగ్లీషు రాదని ఎవరూ అనరు. అయిదేళ్ళపాటు లావుపాటి పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే చదివాం. గుండెలో ఏ కవాటం కారుతోందో ఇంగ్లీషులోనే చెప్పగలం. అయినా ఇంగ్లండులో మొదటి ఇంటర్వ్యూకు వెళ్ళి, 2012లో విశాఖపట్నంలో 'పాస్ ఔట్' అయ్యామని చెప్పేసరికి బల్లకు అవతల కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డిగ్రీ పుచ్చుకోవటం మన అర్థం. స్పృహ తప్పి పడిపోవటం వాళ్ళ అర్థం. వాళ్ళలో ఒకాయన దయగలవాడు. 'ఇప్పుడు ఒంట్లో ఎట్లా ఉంది?' అని అడిగాడు.

ఆ రోజు మొదలు ఇంగ్లీషులో మాకు చిక్కంతా చిన్నమాటలతోనే వచ్చింది. అప్, డౌన్, ఔట్, ఆఫ్, వే. మన చదువుల్లో వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పేషెంట్లు మాత్రం తమ బాధలన్నీ వీటితోనే చెప్పుకుంటారు. మెట్లు దిగుతుంటే మోకాలు 'గివ్ వే' అవుతోందని ఒక ముసలావిడ అంటుంది. మా ఆయన కిడ్నీలు 'పాక్ అప్' అవుతున్నాయని మరొకావిడ అంటుంది. పాక్ అప్ అంటే పెట్టె సర్దుకోవటమని తెలిసిన మేము, కిడ్నీలు ఏ ఊరికి ప్రయాణం కట్టాయో తెలియక తెల్లమొహం వేశాం. కారు 'కాంక్ ఔట్', బేరం 'ఫాల్ త్రూ', పెళ్ళి 'బ్రేక్ అప్', మనిషి 'బ్రేక్ డౌన్'. 'గో ఆఫ్' అన్నది మరీ అన్యాయం. దీపం గో ఆఫ్ అయితే ఆరినట్టు, అలారం గో ఆఫ్ అయితే మోగినట్టు, పాలు గో ఆఫ్ అయితే విరిగినట్టు! 1755లో ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనకాల తోకలా చిన్నమాట తగిలించే ఈ పద్ధతి పరదేశీయులకు అన్నిటికన్నా కష్టమని పీఠికలోనే ఒప్పుకున్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో 'బ్రేక్ ఆఫ్' కూడా ఉంది. అది చదివాక మాకు కాస్త ఊరట కలిగింది.

ఈ మాటల గురించి మేము స్థిమితంగా ఆలోచించింది మాత్రం ఇంగ్లండులో కాదు, బర్మాలో. 2020 జనవరిలో సెలవు పెట్టి తన్లిన్ వెళ్ళాం. యాంగోన్ నుంచి బగో నది మీద 1993లో తెరిచిన వంతెన దాటితే తన్లిన్. మన తాతలు సిరియం అనేవారు. పడవ దాటితే చమురు ఫాక్టరీ, ఫాక్టరీలో జీతం, నెలకు ఇంతని ఇంటికి మనియార్డరు. గోదావరి పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన కారణాన బర్మాలో తెలుగువాణ్ణి 'కోరంగీ' అన్నారు. కోరంగి రేవును 1839 తుపాను తినేసిన తరవాత కూడా ఆ పేరు మనవాళ్ళను వదలలేదు.

మా తాతగారూ ఆయన తమ్ముడూ శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డు నుంచి వెళ్ళి ఆ ఫాక్టరీలో బాయిలర్ల దగ్గర పనిచేశారు. 1964లో తాతగారు ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అంటే ఇప్పటికీ చూపిస్తారు. చిన్నతాత తన్లిన్ లోనే ఉండిపోయాడు. ఆయన కూతురు మాకు మేనత్త వరస. మేము వెళ్ళేనాటికి ఆవిడకు డెబ్భై రెండేళ్ళు. ఆవిడ తెలుగు, తండ్రి నోట విన్న శ్రీకాకుళం తెలుగు, ఎక్కడా వన్నె తగ్గకుండా అట్లాగే ఉంది. మా తెలుగే మధ్య మధ్య ఇంగ్లీషు అతుకులతో ఆవిడకు నవ్వు తెప్పించింది.

అత్తయ్య మనవరాలు సింగపూరులో నర్సు ఉద్యోగం కోసం ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. మేము డాక్టర్లమనీ, ఇంగ్లండులో ఉంటామనీ తెలిసి, వెళ్ళిన రెండో సాయంత్రమే వరండాలో ఒక నోటుబుక్కు తెచ్చి ఒళ్ళో పెట్టింది. 'మావయ్యా, ఇవి ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి' అంది. పేజీకి మూడు గళ్ళు. మొదటి గడిలో ఇంగ్లీషు క్రియ, రెండో గడిలో బర్మా అర్థం, మూడోది తెలుగు. తెలుగు చదవటం రాదు కనుక తెలుగు మాటల్ని కూడా బర్మా లిపిలోనే వ్రాసుకుంది. రెండూ గుండ్రటి అక్షరాలే. దూరం నుంచి చూస్తే మన వాళ్ళెవరో చేతివ్రాత పాడుచేసుకుని వ్రాసినట్టుంది. ఆ పేజీకి పైన 'చెడిపోయేవి' అని శీర్షిక. బ్రేక్ డౌన్, బ్రేక్ అప్, బ్రేక్ ఔట్, వేర్ ఔట్, గివ్ ఔట్, ఫాల్ అపార్ట్, బ్లో అప్.

కూర్చుని తెలుగు వెతకటం మొదలుపెట్టాం. ఇంగ్లీషు క్రియకు తెలుగులో ఎంత సంపద ఉందో ఆ పూటదాకా మాకు తెలియదు. కారు స్టార్టు కాకపోతే మొరాయించింది. అది ఎద్దు చేసే పని, కారుకు అంటగట్టాం. పాత మిషను మూలపడింది. పథకం బెడిసికొట్టింది. ఉత్సాహం నీరుకారింది. టపాకాయ తుస్సుమంది. సంబంధం తప్పిపోయింది. ఇంగ్లీషు ఒక్క బ్రేకుతో సరిపెట్టేచోట మనం వస్తువు మొహం చూసి మాట వాడతాం. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది, గోడ కూలుతుంది. కుండ తెగింది అంటే మూడేళ్ళ పిల్లవాడు కూడా నవ్వుతాడు.

వీటన్నిటికీ తోక ఒక్కటే. విరిగిపోయింది, చెడిపోయింది, తెగిపోయింది. పోయింది! ఇంగ్లీషువాడు అప్పూ డౌనూ తగిలించేచోట మనకు ఈ పోవటం ఒక్కటే చాలు. కరెంటు పోయింది, పరువు పోయింది, మనిషి పోయాడు. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. బర్మా భాషలోనూ ఇంతేనట. పాడవటం 'ప్యెత్', వెళ్ళటం 'త్వా'. రెండూ కలిపితే పాడైపోయింది. కరెంటు పోతే 'మీ ప్యెత్', అంటే దీపం చెడింది. అంతలో నిజంగానే కరెంటు పోయింది. తన్లిన్ లో అది వింత కాదు కనుక కొవ్వొత్తి వెలిగించుకుని పాఠం సాగించాం.

కొవ్వొత్తి వెలుగులో ఆ అమ్మాయి మాకు నేర్పిన సంగతి ఒకటి ఉంది. బర్మా భాషలో 'ప్యెత్' అంటే తనంత తాను చెడటం. అదే మాట ఊపిరి వదిలి 'ఫ్యెత్' అంటే మరొకరు చెడగొట్టటం. కర్ర విరిగితే 'చో', ఎవరైనా విరిస్తే 'ఛో'. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని అనమంది. మొదటి మాటకు చేతికి ఏమీ తగలదు, రెండో మాటకు గాలి తగులుతుంది. చేసినవాడి ఊపిరి చేతికి తగులుతుందన్న మాట. మనకు విరుగు, విరుచు ఉన్నాయి. చెడు, చెరుచు, కూలు, కూల్చు, తెగు, తెంచు. ఇంగ్లీషులో గ్లాసు బ్రోక్ అన్నా, నేను గ్లాసు బ్రోక్ అన్నా క్రియ ఒక్కటే. అది వాళ్ళ లోపమని అనబోము. మన పిల్లలు ఇంట్లో 'ఇట్ బ్రోక్' అన్నప్పుడు మాత్రం ఆ సౌకర్యం ఎంత ఉపయోగమో అందరం చూస్తూనే ఉన్నాం.

బ్రేక్ అప్ కు ఉదాహరణ కావాలంటే ఆ అమ్మాయి తన ఊరి కథే వ్రాసుకుంది. తన్లిన్ లో ప్రతి పిల్లకూ తెలిసిన కథ. పోర్చుగీసు దేశస్థుడు ఫిలిప్ డి బ్రిటో ఈ ఊరిని చేత చిక్కించుకుని, 1608లో ష్వేడగోన్ పగోడా పెద్దగంటను కరిగించి ఫిరంగులు పోయించుకుందామని తెప్ప మీద ఎక్కించి తెస్తున్నాడు. నదుల కూడలిలో తెప్ప బ్రేక్ అప్ అయింది, గంట మునిగింది. ఇప్పటికీ దొరకలేదు. ఆ వాక్యానికి మా మనవరాలు 'తెప్ప ఇరిగిపోయింది' అని తెలుగు చెబుతుంటే, లోపల బియ్యం ఏరుకుంటున్న అత్తయ్య గడప దగ్గరకు వచ్చింది.

'ఎవులు ఇరిసినారు?' అంది.

తెప్పే విరిగిందంటే ఒప్పుకోలేదు. 'గంటెత్తుకొచ్చినోడు ఇరిసినట్టు కాదేటి?' అని వెళ్ళిపోయింది. అక్కడినుంచి మా పాఠం దారి తప్పింది. పేజీలో ప్రతి వాక్యానికీ లోపలినుంచి అదే ప్రశ్న రావటం మొదలైంది.

బ్లో అప్ దగ్గర ఆవిడే కథ చెప్పింది, ఆవిడ పుట్టకముందు కథ. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 7న సిరియం చమురు ఫాక్టరీ పేలిపోయింది. మా ఇంట్లో కూడా చిన్నప్పటినుంచి 'పేలిపోయింది' అనే విన్నాం, జపానువాడి పనే అనుకున్నాం. జపానువాడు కాదు. శత్రువు చేతికి చిక్కకూడదని ఇంగ్లీషు ప్రభుత్వమే పేల్పించింది. మర్నాడు రంగూన్ పడింది. ఆ ఏడాది మనవాళ్ళు లక్షల సంఖ్యలో నడక దారిన ఇండియాకు బయలుదేరారు. ఎన్ని వేలమంది దారిలో పోయారో సరైన లెక్క లేదు. తాతగారూ చిన్నతాతా ప్రోమ్ మీదుగా తౌంగుప్ కనుమ దాటి చిట్టగాంగ్ చేరారు. యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళారు.

దీనికి ఒక కోర్టు కథ కూడా ఉంది, ఇది అత్తయ్యకు మేము చెప్పాం. బర్మా ఆయిల్ కంపెనీ ఊరుకోలేదు. మా ఆస్తి మీరే విరిచారు కనుక నష్టం కట్టండని బ్రిటిషు ప్రభుత్వం మీద దావా వేసింది. 1964లో లండనులో ప్రభువుల సభలో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు కంపెనీ పక్షాన తీర్పు చెప్పారు. ప్రభుత్వం 1965లో వార్ డామేజ్ యాక్టు చేసి, వెనకటి తేదీల నుంచి వర్తించేటట్టు ఆ హక్కే లేకుండా చేసింది. కంపెనీ గెలిచిందా ఓడిందా అన్నది వేరు సంగతి. ఎవరు విరిచారు అని అడగటానికి దానికి ఒక కోర్టు దొరికింది, అడిగే క్రియ దొరికింది. బాయిలర్ల దగ్గర బొగ్గులా మాడినవాళ్ళకు మాత్రం పేలిపోయింది, కూలిపోయింది, పోయింది.

బ్రేక్ ఔట్ దగ్గర మేమే ఆగిపోయాం. పుస్తకాల్లో ఈ మాట రెండింటికి వస్తుంది, అంటురోగానికీ అల్లర్లకూ. 1930 మేలో రంగూన్ లో అల్లర్లు 'బ్రేక్ ఔట్' అయ్యాయని వ్రాస్తారు. మన తెలుగు పత్రికల భాషలోనూ చెలరేగాయి అనే అంటాం, ఎండుగడ్డిలో నిప్పులాగా. జరిగింది ఇది. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల మీది పనికి బదులుగా బర్మావాళ్ళను పెట్టారు. సమ్మె తీరగానే మనవాళ్ళను పిలిచి, వాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. రోజుకూలికి వచ్చిన ఇద్దరు బీదవాళ్ళను ఒకే పని ముందు ఎదురెదురుగా నిలబెట్టిన వాళ్ళెవరూ ఆ క్రియలో కనపడరు. అదే నెల 5వ తేదీన బగోలో భూకంపం వచ్చి వందలమంది చనిపోయారు, ష్వేమోడో పగోడా కూలింది. ఆ కూలటంలో కర్త లేడు. మూడు వారాల తేడాలో జరిగిన రెండు ఘోరాలకూ మనం ఒకే రకం వ్యాకరణం వాడుతున్నాం.

ఇంతవరకూ అత్తయ్య ప్రశ్న మాకు సరదాగానే ఉంది. ఆ ఉత్సాహంలో మేమే నోరు జారాం. బ్రేక్ అప్ కుటుంబాలకు కూడా వాడతారని ఆ అమ్మాయికి చెబుతూ, 'మన కుటుంబం 1964లో బ్రేక్ అప్ అయింది' అని ఉదాహరణ ఇచ్చాం. మా ఇంట్లో ఆ కథ అట్లాగే చెప్పుకుంటారు. నెవిన్ ప్రభుత్వం వచ్చింది, మార్చిలో కొట్లన్నీ జాతీయం చేసింది, మేలో యాభై, వంద చాట్ నోట్లు చెల్లవంది. అప్పటికి ఫాక్టరీ మానేసి చిన్న కొట్టు పెట్టుకున్న తాతగారి కొట్టు పోయింది, డబ్బు పోయింది. రావలసి వచ్చింది. చనిపోయేదాకా ఆయన నోట ఆ మాటే, 'రావలసి వచ్చింది'.

అత్తయ్య ఈసారి ప్రశ్న వెయ్యలేదు. 'కొట్టు గవర్మెంటోడు లాక్కున్నాడు, నిజిమే. ఇల్లు మట్టుకు మీ తాతే ఇరిసినాడు నాయినా. మా మామ్మని ఒగ్గేసి ఓడెక్కీసినాడు' అంది.

ముత్తవ్వ అప్పటికి మంచం పట్టి ఉందట. మేము ఎన్నడూ వినలేదు. మూడేళ్ళు పెద్దకొడుకును తలుచుకుని 1967లో పోయిందట. అత్తయ్య ఈ మాట కోపంగా అనలేదు, బియ్యంలో రాయి తీసి పారేసినట్టు అంది. తరవాత అందరికీ టీ తెచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవటానికి ముత్తవ్వ ఒక్కతే కారణం కాదు. మా సొంత క్రియ ఒకటి రెండేళ్ళుగా మమ్మల్ని పట్టుకుని ఉంది. 2018 చలికాలంలో, పేరు చెప్పనక్కరలేని ఒక ఆసుపత్రిలో, సాయంత్రం ఆరున్నరకు లాబొరేటరీ నుంచి ఫోను వచ్చింది. మధ్యాహ్నం క్లినిక్కుకు వచ్చి ఇంటికి వెళ్ళిపోయిన ఒక పెద్దాయన రక్తంలో పొటాషియం 6.8. మామూలుగా 5.3 దాటకూడదు. ఏడు దరిదాపులకు వస్తే గుండె ఏ క్షణాన లయ తప్పుతుందో చెప్పలేం. వెంటనే ఇంటికి ఫోను చేసి రప్పించాలి. కాగితం మీద వ్రాసుకున్నాం. అరగంటలో డ్యూటీ దిగుతాం. రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరుతో 'ఒక పొటాషియం ఉంది, చూడండి' అన్నాం. వార్డులో ఉన్న పేషెంటు సంగతి అనుకున్నాడాయన. తెల్లవారుజామున ఆ పెద్దాయన వంటింట్లో పడిపోయాడు. అంబులెన్సువాళ్ళు బతికించారు. తొమ్మిది రోజులు ఐ.సి.యు.లో ఉండి ఇంటికి వెళ్ళాడు.

తరవాత ఫారం నింపాం. అందులో వ్రాసిన వాక్యం ఇది: రెండు జట్ల మధ్య సమాచారం బ్రేక్ డౌన్ అయింది. అబద్ధం కాదు. పరీక్షలో వ్రాస్తే మార్కులు కూడా పడతాయి. ఫోను చెయ్యనివాడు మాత్రం అందులో లేడు. వ్యాసాలలో 'మేము' అనటం పెద్దల మర్యాద కనుక వాడుతున్నాం, ఈ ఒక్కచోట మాత్రం చదువరులు దానిని ఏకవచనంగా చదువుకోవాలి. ఫోను చెయ్యనిది ఒక్కరే. ఇంగ్లండులో 2014 నుంచి, పేషెంటుకు ఇటువంటి హాని జరిగితే ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ కోరాలని ఆసుపత్రులకు చట్టం ఉంది. క్షమాపణ చెప్పాం. జరిగినందుకు విచారిస్తున్నామన్నాం, చేసినందుకు అనలేదు. ఆయన భార్య తల ఊపింది. ఇంగ్లీషు ఆవిడ మాతృభాష. ఆ వాక్యంలో ఎవరు లేరో ఆవిడకు తెలియకుండా ఉంటుందా?

మా వృత్తిలో ఇటువంటి వాక్యాలకు కొదవ లేదు. మందు పని చెయ్యకపోతే 'పేషెంటు ఆ మందుకు ఫెయిల్ అయ్యాడు' అని కేసు షీటులో వ్రాసే అలవాటు ఇంగ్లీషులో ఉంది. మందు తప్పింది, పరీక్ష పోయింది మాత్రం రోగిది! తెలుగులో 'మందు పట్టలేదు' అంటాం. ఇక్కడ మన భాషే న్యాయంగా ఉందని ఒప్పుకోవాలి.

అయితే అత్తయ్య ప్రశ్నను ఆసుపత్రికి పట్టుకువెళ్ళి ప్రతి మంచం దగ్గరా అడగగలమా? విశాఖలో హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు ఉద్దానం నుంచి వచ్చే రైతులను చూశాం. కవిటి, సోంపేట, పలాస, మా తాతల ప్రాంతమే. నలభై ఏళ్ళకే కిడ్నీలు పోయాయి. షుగరు లేదు, పెద్దగా బి.పి. లేదు. 'నేనేటి తప్పు చేసినాను బాబూ? తాగను, కాల్చను' అని అడిగేవాడు ఒకాయన. నీళ్ళా, ఎండలో పనా, మట్టిలో ఏదైనా ఉందా అని ఏళ్ళుగా పరిశోధిస్తూనే ఉన్నా కారణం ఇంకా తేలలేదు. ఆయనకు 'పోయాయి' అన్న మాటే మందు. మీరు విరవలేదు, విరిగిపోయాయి, అంతే. గుండె ఫెయిలైంది అనగానే గుండె ఆగిందని వణికే ఇంటివాళ్ళకు, ఆగలేదమ్మా, పంపు బలహీనపడింది, వయసొచ్చి అరిగింది అని చెబుతాం. అరిగింది అనటంలో ఎంత దయ ఉందో! కొడుకు తన వల్లే అయిందేమోనని కుములుతున్నప్పుడు కర్తను తీసెయ్యటమే వైద్యం.

ఒకే క్రియ ఒకచోట మందు, ఒకచోట దొంగతనం. మేము తేల్చుకున్నంతవరకు తేడా క్రియలో లేదు, దాన్ని ఎవరు ఎవరి కోసం వాడుతున్నారన్నదానిలో ఉంది. ఉద్దానం రైతుకు మేము చెప్పిన 'పోయింది' ఆయన భారం దించింది. ఫారంలో వ్రాసిన 'బ్రేక్ డౌన్' మా భారం దించింది, ఆ పెద్దావిడ ఒళ్ళో పెట్టింది. మరొకటి కూడా ఉంది. ఉద్దానంలో 'పోయాయి' అని అందరం ఊరుకుంటే కారణం వెతికేవాళ్ళు ఉండరు. రోగి మంచం దగ్గర పోయాయి అనాలి, బయటికి వచ్చి ఎందుకు అని అడగాలి. రెండూ ఒకే నోటితో చెయ్యటం తేలిక కాదు.

తన్లిన్ నుంచి తిరిగి వెళ్ళాక, ఆసుపత్రి పెద్దలతో మాట్లాడి, ఆవిడకు ఉత్తరం వ్రాశాం. నాలుగు చిత్తుప్రతులు చింపాక 'నేను ఫోను చెయ్యలేదు' అన్న వాక్యం మొదటి పంక్తిలోకి వచ్చింది. జవాబు రాలేదు. రావాలని నియమం లేదు.

ఇక ఈ పత్రిక చదివే మన అందరి సంగతి. ఏ ఇంట్లో పండగ భోజనానికి కలిసినా, ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అన్న ప్రశ్నకు ఒకటే జవాబు వింటాం. రెండేళ్ళని వచ్చాం, ఉండిపోయాం. ఆ 'పోయాం' మళ్ళీ అదే తోక. కారు చెడిపోయినట్టు మనం ఉండిపోయాం. పిల్లల చదువు వచ్చింది, ఇల్లు వచ్చింది, ఇక వెళ్ళటం కుదరలేదు. కుదరలేదు అన్నదానికి కూడా కర్త లేడు. అవతల ఊళ్ళో ఫోను దగ్గర కూర్చున్న తల్లిదండ్రుల వైపు నుంచి ఆ వాక్యం ఎట్లా వినపడుతుందో మేము ఎన్నడూ ఆలోచించలేదు. తాతగారి 'రావలసి వచ్చింది' అత్తయ్యకు వినపడినట్టే వినపడుతుంది కాబోలు. ఉండటం తప్పని మేము అనటం లేదు. మేమూ ఉన్నాం, రేపూ ఉంటాం. విశాఖలో ఉన్న మా అమ్మతో ఈ మధ్య ఫోనులో 'ఉండిపోయాం' అనబోయి 'ఉన్నాం' అన్నాం. ఆవిడ గమనించలేదు, లేదా గమనించి ఊరుకుంది.

ఆ సాయంత్రం సంగతి కొంచెం మిగిలింది. టీ తాగాక చూస్తే ఆ అమ్మాయి నోటుబుక్కులో స్కేలు పెట్టి నాలుగో గడి గీస్తోంది. పైన బర్మా లిపిలో 'బెదూ' అని వ్రాసింది. బెదూ అంటే ఎవరు. తెప్ప దగ్గర డి బ్రిటో అని వ్రాసింది. ఫాక్టరీ దగ్గర ఇంగ్లీషువాళ్ళు. భూకంపం దగ్గర గీత పెట్టింది. కరెంటు దగ్గర చాలాసేపు ఆలోచించి ప్రశ్నార్థకం పెట్టింది. కుటుంబం దగ్గరకు వచ్చి కలం ఆపి, 'ఇక్కడ ఎవరి పేరు రాయాలి మావయ్యా?' అంది.

మా తాతగారి పేరు చెప్పాం. వ్రాస్తుండగా అత్తయ్య వెనకనుంచి చూసింది.

'మీ తాత పేరొక్కటే రాసి ఊరుకోకు. మా నాన్న పేరూ రాయి. అన్నని ఎల్లొద్దని ఒక్క మాటనలేదు. నానూ అననేదు, పదేడేళ్ళదాన్ని, మామ్మ మంచం కాడే ఉన్నాను.'

'గడి చాలదు నానమ్మా' అంటూ ఆ అమ్మాయి గీతను మార్జినులోకి పొడిగించింది.